‘నిల్’ అని రాయాలంటే ఎంత చూడాలి?

మల పరీక్ష రిపోర్టుల్లో తరచూ కనబడేవి రెండే మాటలు. ఒకటి ‘ఓవా, సిస్ట్: నిల్’, అంటే పురుగుల గుడ్లు గానీ, సిస్టులు (పరాన్నజీవులు గోడ కట్టుకుని ఉండే దశ) గానీ లేవని. రెండోది ‘ఇ. హిస్టోలిటికా సిస్టులు ఉన్నవి’, అంటే జిగట విరేచనాలు తెచ్చే అమీబావి ఉన్నాయని. నల్లగొండ కాయితమైనా పాలమూరు కాయితమైనా అంతే. కొంకి పురుగు (మట్టి నుంచి కాళ్ల ద్వారా ఎక్కే హుక్‌వర్మ్) గుడ్డు, జియార్డియా (పేగుల్లో ఉండే ఏకకణ జీవి), పొట్టి బద్దెపురుగు గుడ్డు లాంటి పేర్లు అరుదుగా కనబడతాయి. పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగే మనుషులున్న జిల్లాల్లో ఇది అనుమానించాల్సిన విషయం. పురుగులు లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు. ఎంత మలం, ఏ పద్ధతిలో, ఎంతసేపు చూశారో చెప్పని ‘నిల్’ అసలు ఫలితమే కాదని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. తడి స్లైడు మీద పట్టేది సుమారు 2 మిల్లీగ్రాముల మలం, పుల్ల కొసకు అంటినంత. అందులో ఒక్క గుడ్డు కనబడాలంటే గ్రాముకు 500 గుడ్లుండాలి. కొంకి పురుగు గుడ్లు గ్రాముకు 2,000 లోపు ఉంటే దాన్ని తేలికపాటి ఇన్‌ఫెక్షన్‌గా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగడుతుంది. గ్రాముకు 200 గుడ్లున్న మనిషిది స్లైడు వేస్తే సగటున 0.4 గుడ్డు దొరుకుతుంది. అంటే మూడు స్లైడ్లు వేస్తే రెండింట్లో ఏమీ ఉండదు. టెక్నీషియన్ ఎంత నిజాయితీగా చూసినా అంతే.

ఏలికపాము సంగతి వేరు. ఒక్క ఆడ పురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది, కాబట్టి స్లైడు మీద దొరుకుతుంది. కొంకి పురుగుల్లో నెకేటర్ రకం పెట్టేది రోజుకు ఐదు నుంచి పది వేలే. నేరుగా వేసిన స్లైడును నమ్ముకుంటే ఏలికపాము దొరుకుతుంది, రక్తం పీల్చే కొంకి పురుగు తప్పించుకుంటుంది. మిర్యాలగూడ ఆయకట్టులో నాట్లేసే ఆమెకు హిమోగ్లోబిన్ 6 ఉండి, మల పరీక్ష ‘నిల్’ అని వస్తే డాక్టరు ఐరన్ మాత్రలు రాసి పంపుతాడు. ఆ ‘నిల్’ 2 మిల్లీగ్రాములదేనని ఆయనకు ఎవరూ చెప్పరు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ (పురుగుల మాత్ర) పంచే కార్యక్రమం ప్రధానంగా 1 నుంచి 19 ఏళ్ల వాళ్లది. (దాన్ని తెలుగులో నులిపురుగుల దినం అంటున్నారు గానీ ఆ మాత్రకు అసలు గురి మట్టి ద్వారా వచ్చే ఏలికపాము, కొరడా పురుగు, కొంకి పురుగు. నులిపురుగు గుడ్డు మలంలో దొరికేది తక్కువే. అది పొద్దున లేవగానే, కడుక్కోకముందే, మలద్వారం దగ్గర సెల్లోటేపు అంటించి స్లైడు మీద పెడితే దొరుకుతుంది.)

ఇక ఎంతసేపు చూడాలి? ఐపీస్ (కంటి దగ్గరి లెన్సు) మీద ఫీల్డ్ నంబరు 18 అని ఉంటే 10 ఆబ్జెక్టివ్ (స్లైడు దగ్గరుండే, పది రెట్లు పెంచి చూపే లెన్సు) కింద కనబడే వలయం అడ్డం 1.8 మిల్లీమీటర్లు. కవర్ స్లిప్ (చుక్క మీద కప్పే పలచని గాజు బిళ్ల) 22 మిల్లీమీటర్లు. సాలు తర్వాత సాలు దున్నినట్టు పోతే 12, 13 సాళ్లు. మొత్తం 150 దాకా ఫీల్డులు. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా ఐదు నిమిషాలు. అదే 40 ఆబ్జెక్టివ్ కింద వలయం 0.45 మిల్లీమీటర్లే, మొత్తం చూడాలంటే 2,400 ఫీల్డులు. అది ఎవరి వల్లా కాదు. అందుకే కవర్ స్లిప్ మొత్తం 10 కింద చూసి, అందులో కనీసం మూడో వంతును 40 కింద చూడాలంటారు. గుడ్లు, లార్వాలు 10 కింద బయటపడతాయి. సిస్టులు మాత్రం ఆ పవర్‌లో మెరిసే చుక్కలే, 40 పెట్టనిదే తేలవు. మధ్యలో నాలుగు ఫీల్డులు చూసి ‘నిల్’ కొడితే చూసింది మూడో వంతు కాదు, వందలో మూడు వంతులే.

అయితే కంటి ముందుకు రాకముందే సగం పరీక్ష అయిపోయి ఉంటుంది. అగ్గిపెట్టెలో తెచ్చిన మలం తడి ఆరిపోయి ఉంటుంది. ముడేసిన క్యారీబ్యాగులోది ఉడికిపోయి ఉంటుంది. చేన్లో కూర్చుని నేల మీద నుంచి ఎత్తి తెచ్చిన దాంట్లో మట్టిలో బతికే పురుగుల లార్వాలుంటాయి. మూత్రం కలిస్తే ట్రోఫోజాయిట్లు (అమీబా లాంటి ఏకకణ జీవుల కదిలే దశ) చస్తాయి. వెడల్పు మూతి, మరలు తిరిగే మూత ఉన్న డబ్బా ఇచ్చి, కాగితం మీద గానీ శుభ్రమైన గిన్నెలో గానీ పోయి చిన్న ఉసిరికాయంత తెమ్మనాలి. నీళ్ల విరేచనమైతే 10 మి.లీ. చాలు. లేబుల్ మీద రాయాల్సింది ల్యాబుకు వచ్చిన టైము కాదు, దొడ్డికి పోయిన టైము. నీళ్ల విరేచనాన్ని అరగంటలో, మెత్తటిదాన్ని గంటలో, గట్టిదాన్ని ఆ రోజే చూడాలి. కదిలే అమీబా అరగంట దాటితే గుండ్రంగా ముడుచుకుని చీముకణం లాగే కనబడుతుంది.

నల్లమల లోపలి చెంచు పెంటల (గూడేల) నుంచి నాగర్‌కర్నూల్‌కు శాంపిల్ అరగంటలో రాదు. ఐస్ పెట్టెలో పెట్టి పంపితే గుడ్లు, సిస్టులు బాగానే ఉంటాయి గానీ ట్రోఫోజాయిట్లు చలికి చస్తాయి. అక్కడికక్కడే ఒక వంతు మలానికి మూడు వంతుల 10 శాతం ఫార్మలిన్ కలిపి పుల్లతో గడ్డలు లేకుండా చిదిపితే నెలల తరబడి నిలుస్తుంది. షాపులో దొరికే ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు పోస్తే 10 శాతం అవుతుంది. ఒక జాగ్రత్త: ఏలికపాము గుడ్డు ఫార్మలిన్‌లో కూడా చాలాకాలం బతికే ఉంటుంది. మందులో ఉంది కదా అని ఉత్తి చేతులతో ముట్టొద్దు.

వేసవిలో ఇంకో చిక్కుంది. ఫార్మలిన్ పోయకుండా రాత్రంతా బల్ల మీద వదిలేస్తే కొంకి పురుగు గుడ్లు ఒక్క రోజులోనే పొదిగి లార్వాలవుతాయి. తెల్లారి చూసినవాళ్లు వాటిని స్ట్రాంగిలాయిడీస్ (పేగుల్లో ఉండే మరో సన్నని పురుగు) అని రాసేస్తారు. తాజా మలంలో లార్వా ఉంటే అది స్ట్రాంగిలాయిడీసే అనుకోవచ్చు. నిలవదైతే నోరు చూడాలి. అయోడిన్ చుక్కతో కదలిక ఆపి, 40 కింద ముందు కొస చూస్తే కొంకి పురుగు లార్వా నోటి గొట్టం పొడుగ్గా ఉంటుంది, స్ట్రాంగిలాయిడీస్‌ది పొట్టిగా ఉంటుంది. నడుము దగ్గర పడవ ఆకారపు జననాంగపు మొలక స్ట్రాంగిలాయిడీస్‌లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది, కొంకి పురుగులో వెతుక్కోవాలి. ఈ తేడా ఊరికే పేరు కోసం కాదు. స్ట్రాంగిలాయిడీస్ ఉన్న మనిషికి తెలియక స్టెరాయిడ్ ఇస్తే ఆ లార్వాలు ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలవు.

స్లైడు వేసేటప్పుడు ఎడమ పక్క సెలైన్ చుక్క, కుడి పక్క అయోడిన్ చుక్క. మలంలో జిగట, నెత్తురు ఉంటే అక్కడి నుంచే ముందు తీయాలి. గట్టిదైతే పైనుంచి కొంత, లోపలి నుంచి కొంత. ముందు సెలైన్‌లో కలిపి, తర్వాత అయోడిన్‌లో కలపాలి. వరస తిరగేసి చేస్తే సెలైన్ చుక్కలోకి అయోడిన్ పోయి కదిలేవన్నీ ఆగిపోతాయి. పలచదనానికి పాత కొలత ఒకటుంది: స్లైడు కింద దినపత్రిక పెడితే అక్షరాలు మసగ్గానైనా చదవగలగాలి. కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి ఏటవాలుగా దించితే బుడగలు రావు. చుక్క ఎక్కువైతే కవర్ స్లిప్ తేలుతుంది, మలం పైకి పొంగి 40 లెన్సుకు అంటుతుంది. తర్వాత వారమంతా ‘మైక్రోస్కోపు మసక’ అని ఫిర్యాదులు. చాలాసార్లు పాడైంది మైక్రోస్కోపు కాదు, లెన్సు మీద ఎండిన పాత స్లైడు పొర.

సెలైన్ అంటే 0.85 శాతం, లీటరు డిస్టిల్డ్ నీళ్లకు 8.5 గ్రాముల ఉప్పు. బోరు నీళ్లలో కలిపితే గుడ్లకన్నా ముందు సున్నపు పలుకులు కనబడతాయి. ఉత్త నీళ్లు వాడితే ట్రోఫోజాయిట్లు ఉబ్బి పగులుతాయి. నెలల తరబడి మూత తెరిచి ఉంచిన సీసాలో నీటి జీవాలు పెరుగుతాయి. రోజూ ప్రతి రోగి మలంలో ఒకే రకం కదిలే జీవి కనబడుతుంటే అనుమానించాల్సింది ఊరిని కాదు, సీసాను. ఉత్త సెలైన్ చుక్క ఒకటి కవర్ స్లిప్ కింద పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అయోడిన్ 100 మి.లీ. చేయాలంటే 2 గ్రాముల పొటాషియం అయోడైడ్‌ను ముందు కొద్ది నీళ్లలో కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ పలుకులు వేసి కరిగాకే మిగతా నీళ్లు పోయాలి. వరస మార్చితే అయోడిన్ అడుగున కూర్చుంటుంది, ఉత్త నీళ్లలో అది సరిగా కరగదు. గోధుమ రంగు సీసాలో, వెలుతురు తగలకుండా దాచాలి. రంగు గట్టి డికాషన్‌లా ఉండాలి. వెలిసిపోయి పలచని టీలా మారితే న్యూక్లియస్‌లు కనబడవు. మరీ చిక్కనైతే మలం గడ్డలు కట్టి సిస్టులను దాచేస్తుంది. అయోడిన్‌లో న్యూక్లియస్ తేలుతుంది గానీ సిస్టు లోపలి క్రొమటాయిడ్ కడ్డీలు మాసిపోతాయి, అవి సెలైన్‌లోనే బాగా కనబడతాయి. అందుకే ఒక చుక్కతో సరిపెట్టుకోవడం కుదరదు.

వెలుతురు గురించి ఒక్క మాట, కానీ గట్టి మాట. టీబీ స్లైడు చూసినట్టు ఐరిస్ (వెలుతురును పెంచి తగ్గించే మూత) పూర్తిగా తెరిచి చూస్తే రంగు లేని కొంకి పురుగు గుడ్డు గాజులో గాజులా కలిసిపోతుంది. ఐరిస్ మూస్తూ పోతే ఒకచోట దాని సన్నని పెంకు, లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాలు, వాటికీ పెంకుకూ మధ్య ఖాళీ ఒక్కసారిగా విడిపడి కనబడతాయి. ఆ చోటే సరైన వెలుతురు. మే నెలలో ఫ్యాను కింద కూర్చుని చూస్తే ఐదు నిమిషాలు నిండకముందే స్లైడు అంచులు ఎండుతాయి. ఫ్యాను ఆపడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి వేజలైన్, మైనం సమపాళ్లలో కరిగించి కవర్ స్లిప్ చుట్టూ దూదిపుల్లతో గీస్తే సరి.

కొలత లేకుండా పేరు పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఐపీస్‌లో పెట్టే గాజు స్కేలు ఖరీదైన వస్తువేమీ కాదు, కానీ దాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. స్టేజి మైక్రోమీటర్ మీద ఒక్కో గీత 10 మైక్రాన్లు. 40 ఆబ్జెక్టివ్ కింద ఐపీస్‌లోని 100 గీతలు స్టేజి మీది 25 గీతలతో కలిస్తే, ఐపీస్ గీత ఒక్కటి 2.5 మైక్రాన్లు. ప్రతి ఆబ్జెక్టివ్‌కూ, ప్రతి మైక్రోస్కోపుకూ విడిగా లెక్క కట్టి కాయితం మీద రాసి గోడకు అంటించుకోవాలి. ఈ స్కేలు ఉంటేనే చాలా తగవులు తీరతాయి. కొంకి పురుగు గుడ్డు 55 నుంచి 75 మైక్రాన్ల పొడవు. అలాగే ఉన్నా 80 దాటి, ఒక కొస సన్నబడితే అది గొర్రెలు, మేకల కడుపులో ఉండే ట్రైకోస్ట్రాంగైలస్ కావచ్చు. గొర్రెలకు నట్టల మందు పోసే ఇళ్లలో మనిషి కడుపునూ అడగాలి. 100 అటూ ఇటూ ఉండి, సన్నగా, రెండు కొసల్లో నీలి ఆకుపచ్చ బొట్లుంటే అది ముల్లంగి, క్యారెట్ వేర్లకు పట్టే నెమటోడ్ పురుగుది. తిన్నాడు, వెళ్లిపోయింది, మందు అక్కర్లేదు. నిలవ జొన్నపిండిలోని మైట్లనే అతి చిన్న జీవుల గుడ్లు కూడా 100 మైక్రాన్లు మించి కొంకి పురుగు గుడ్డులాగే మోసం చేస్తాయి.

మొక్కల నూగు వెంట్రుకను లార్వా అని రాసేవాళ్లున్నారు. వెంట్రుకకు ఒక కొస విరిగి ఉంటుంది, లోపల పేగు ఉండదు. పిండి రేణువు అయోడిన్‌లో నల్లనీలం అవుతుంది. కొవ్వు బొట్టు, గాలి బుడగ, ఈస్టు, ఇవన్నీ సిస్టు వేషం వేసేవే. సిస్టుకు గోడ ఉంటుంది, లోపల న్యూక్లియస్ ఉంటుంది. ఆ రెండూ కనబడందే పేరు పెట్టొద్దు. అరటిపండు తిన్న పిల్లల మలంలో కనబడే నల్లని దారాలను పురుగులని డబ్బాలో పెట్టి తెస్తారు. వాళ్లను కసురుకోకుండా ఒక ముక్క స్లైడు మీద నలిపి మొక్క కణాలు చూపిస్తే మళ్లీ తేరు.

ఇక రెండో మాట, ‘ఇ. హిస్టోలిటికా’. ఈ పేరు మీద మన దగ్గర ఎంత మెట్రోనిడజోల్ (అమీబా మందు) ఖర్చవుతుందో! నాలుగు న్యూక్లియస్‌లున్న, 10 నుంచి 20 మైక్రాన్ల సిస్టు చూసి అది రోగం తెచ్చేదో కాదో ఏ మైక్రోస్కోపూ చెప్పలేదు. రోగం తేని ఇ. డిస్పార్ సిస్టు అచ్చం ఇదే. ఇవి రెండు వేర్వేరు జీవులని ఫ్రెంచి పరాన్నజీవి శాస్త్రవేత్త ఎమిల్ బ్రంప్ట్ 1925లోనే అన్నాడు, లోకం ఒప్పుకునేసరికి 1993 వచ్చింది. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ‘ఇ. హిస్టోలిటికా/డిస్పార్’ అని రాయమంది. మన ప్రింటెడ్ ఫారాలు ఇంకా మారాలి. అంతకన్నా ఘోరం, ఏ హానీ చేయని ఇ. కోలై అమీబా సిస్టును కూడా ఇదే పేరుతో రాయడం. దాని కొలత 15 నుంచి 25 మైక్రాన్లు, ముదిరిన సిస్టులో న్యూక్లియస్‌లు ఎనిమిది. అవి ఒకే లోతులో ఉండవు కాబట్టి ఫైన్ ఫోకస్ పైకీ కిందికీ తిప్పుతూ ఎంచాలి. ఒక లోతులో నాలుగే కనబడి ఆగిపోతే ఎనిమిదిది నాలుగుది అవుతుంది, రోగికి ఐదు రోజుల చేదు మాత్ర దక్కుతుంది. హిస్టోలిటికా న్యూక్లియస్ బొట్టు నడిమధ్యలో, కోలైది పక్కకు. కడ్డీలు మొదటిదాంట్లో మొద్దు కొసలతో చుట్టలాగా, రెండోదాంట్లో చీలిన పుల్లల్లాగా ఉంటాయి.

సూక్ష్మదర్శిని కింద హిస్టోలిటికా అని గట్టిగా అనదగ్గది ఒక్కటే: వేలిలాంటి తేట కాలు చాచి ఒకే దిక్కుకు కదులుతూ, కడుపులో ఎర్రకణాలు మింగి ఉన్న ట్రోఫోజాయిట్. ఇక్కడా ఒక వల ఉంది. నెత్తురు, జిగట విరేచనాల్లో మాక్రోఫేజ్‌లు (ఒంటి రక్షక కణాలు) కూడా ఎర్రకణాలను మింగుతాయి. అవి ఆ తీరుగా పరుగెత్తవు, న్యూక్లియస్ పెద్దది. కదలిక చూడకుండా పేరు రాస్తే బాక్టీరియా జిగట విరేచనం అమీబాగా మారిపోతుంది.

‘నిల్’కు బలం రావాలంటే గాఢత పెంచే పద్ధతి ఒకటైనా కావాలి. ఫార్మాల్-ఈథర్ పద్ధతిలో గ్రాము మలాన్ని 7 మి.లీ. 10 శాతం ఫార్మలిన్‌లో కలిపి, తడి గాజుగుడ్డలో వడగట్టి, 3 మి.లీ. ఈథర్ పోసి, బిరడా పెట్టి నిమిషం ఊపి, 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మీద రెండు మూడు నిమిషాలు తిప్పాలి. నాలుగు పొరలు వస్తాయి: పైన ఈథర్, కింద చెత్త బిళ్ల, దాని కింద ఫార్మలిన్, అడుగున మడ్డి. బిళ్లను పుల్లతో చుట్టూ వదులు చేసి ఒకే ఊపులో వంచేయాలి. రెండుసార్లుగా వంచితే చెత్త మళ్లీ మడ్డిలో కలుస్తుంది. మనకు కావాల్సింది ఆ మడ్డే. గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటి: ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో గది వేడే అంతకు మించుతుంది. ట్యూబు ఊపితే బిరడా ఎగిరి మలం ముఖాన పడుతుంది, ఆవిరికి నిప్పు తగిలితే అంటుకుంటుంది. మన ఎండలకు ఇథైల్ ఎసిటేట్ మేలు, 77 డిగ్రీల దాకా మరగదు. అదీ అంటుకునేదే, కాబట్టి టీబీ స్లైడ్లు వేడి చేసే స్పిరిట్ దీపం దగ్గర వద్దు.

సెంట్రిఫ్యూజ్ లేనిచోట ఉప్పు తేలుడు పద్ధతి. లీటరు నీళ్లలో 400 గ్రాముల ఉప్పు వేసి కాచి చల్లార్చి వడకట్టాలి. అడుగున కొంచెం ఉప్పు కరగకుండా మిగిలితే సరిగా చిక్కబడ్డట్టు. చిన్న సీసాలో గ్రాము మలం కలిపి, మూతి పైన ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి, కవర్ స్లిప్ ఆనించి 20, 30 నిమిషాలు కదపకుండా ఉంచి, నిటారుగా ఎత్తి స్లైడు మీద పెట్టాలి. కొంకి పురుగుకు ఇది బ్రహ్మాండం. గంటలు వదిలేస్తే ఉప్పుకు గుడ్లు ముడుచుకుపోతాయి. పెద్ద బద్దెపురుగు (టీనియా) గుడ్లు, ఫలదీకరణ కాని ఏలికపాము గుడ్లు ఇందులో తేలవు. అవి లేవని దీన్ని చూసి రాయొద్దు.

గుడ్లను ఎంచాలంటే కటో-కాట్జ్. 41.7 మిల్లీగ్రాములు పట్టే రంధ్రపు పలక, గ్లిజరిన్-మాలకైట్ గ్రీన్‌లో రోజంతా నానిన సెల్లోఫేన్ కావాలి. కనబడ్డ గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. ఏలికపాముకు ఎంతసేపైనా ఆగొచ్చు, కొంకి పురుగు గుడ్డు మాత్రం అరగంట నుంచి గంటలోపు గ్లిజరిన్‌లో కరిగినట్టు మాయమవుతుంది. వేడికి ఇంకా త్వరగా. పొద్దున వేసి మధ్యాహ్నం చూస్తే ఎన్ని ఉన్నా సున్నాయే.

వీటిలో ఏదీ పట్టుకోలేనివీ ఉన్నాయి. రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి వారాల తరబడి విరేచనాలైతే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కోసం యాసిడ్ ఫాస్ట్ రంగు వేయాలి. టీబీ కోసం పెట్టుకున్న రంగే, కానీ 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ బదులు 1 శాతంతో కడగాలి. గట్టి యాసిడ్‌తో కడిగితే ఆ 4 నుంచి 6 మైక్రాన్ల ఎర్ర గుండ్లు కూడా వెలిసిపోతాయి. జియార్డియా రోజూ రాలదు, అందుకే పది రోజుల్లో రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు అడుగుతారు. మూడూ ఒకే రోజు తెస్తే ఒక్క శాంపిల్ తెచ్చినట్టే.

కాబట్టి రిపోర్టులో ‘నిల్’ గడి కొట్టేసి ఇలా రాయొచ్చు: ‘మెత్తటి మలం, విసర్జించిన 50 నిమిషాలకు చూసినది. సెలైన్, అయోడిన్ స్లైడ్లు, ఫార్మాల్-ఇథైల్ ఎసిటేట్ మడ్డి. మూడింట్లో ఒకటో శాంపిల్. గుడ్లు, లార్వాలు, సిస్టులు కనబడలేదు.’ ఇది రాయడానికి అర నిమిషం పడుతుంది. ఇది చదివిన డాక్టరుకు మిగతా రెండు శాంపిళ్లు అడగాలని తెలుస్తుంది, నేరుగా స్లైడు మాత్రమే చూసి ఉంటే అదీ తెలుస్తుంది. పాజిటివ్ వచ్చిన మడ్డిని మాత్రం పారేయకుండా కొత్త ఫార్మలిన్ పోసి, పేరు తీసేసి, గుడ్డు పేరూ కొలతా రాసి చిన్న సీసాలో దాచాలి. ల్యాబుకు కొత్తగా వచ్చే డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలకు పుస్తకం బొమ్మ కన్నా ఆ సీసాలోని చుక్క ఎక్కువ పనికొస్తుంది.